పట్టా పుచ్చుకొన్న తరువాతి చదువు

అమెరికా దేశమున కొడుకుల యొద్దనో కూతుండ్ర యొద్దనో ఆరుమాసము లుండి వచ్చిన మన పెద్దలు చెప్పు కబుర్లలో ఒకటి తరచుగా వినబడుచుండును. జ్వరమో మోకాలి నొప్పియో వచ్చి అచ్చటి వైద్యశాలకు పోయినపుడు తమ్ము పరీక్షించి, మందు వ్రాసి యిచ్చిన మనిషి డాక్టరు కాదనియు, “ఫిజీషియన్ అసిస్టెంట్” అనియు తరువాత తెలిసినదట. “ఇంత దూరము పోయి కాంపౌండరు చేత వైద్యము చేయించుకొంటిమా!” అని కొందరు చిన్నబుచ్చుకొందురు.

కాంపౌండరను పోలిక సరియైనది కాదు. ఆ దేశమున వైద్య సహాయకుడు కాగోరువాడు డిగ్రీ పుచ్చుకొన్న పిమ్మట సుమారు 27 మాసములు వైద్యవిద్య నభ్యసించి, అందులో రమారమి 2,000 గంటలు రోగుల చెంత పనిచేసి, ఎం.ఏ.తో సమానమైన పట్టా పొంది, ఆపైన దేశమంతటికిని ఒక్కటియైన పరీక్షలో నెగ్గవలెను. రోగిని పరీక్షించుట, రోగమును నిర్ణయించుట, మందులు వ్రాయుట, శస్త్రచికిత్సలో సర్జనుకు చేదోడుగా నిలుచుట వీరి పనులు. డాక్టరుతో వీరి పని ముడిపడి యుండును. ఆ ముడి ఎంత బిగువుగా నుండవలెనో ఆయా రాష్ట్రముల చట్టములు చెప్పును. నేడు అట్టివారు ఆ దేశమున లక్షన్నరకు మించి కలరు. వారిలో స్త్రీలే అధికులు.

ఈ వృత్తి పుట్టుక విచిత్రమైనది. 1965లో ఉత్తర కరోలినా రాష్ట్రమందలి డర్హాం నగరమున, డ్యూక్ విశ్వవిద్యాలయపు వైద్యాచార్యుడు యూజీన్ స్టెడ్ అను నాతడు నౌకాదళమున రోగులకు సేవచేసి విడుదలయైన నలుగురిని చేర్చుకొని రెండేండ్ల చదువు నారంభించెను. ఓడలలో గాయములు కట్టి, మందులిచ్చి, ఆపత్సమయములలో డాక్టరు లేకయే నెట్టుకొని వచ్చిన వారికి, ఊరిలో అడుగు పెట్టగానే ఆ నేర్పుతో చేయదగిన పని లేకపోయెను. మరియొక వంక డాక్టరుల కొరత. ఈ రెంటిని స్టెడ్ ముడివైచెను. ఆ నలుగురిలో ముగ్గురు 1967 అక్టోబరు 6వ తేదీన పట్టా పుచ్చుకొనిరి. వైద్యమునకు ఏండ్ల తరబడి చదువవలెనను నియమమును ఆయన తొలగింపలేదు. ఆ యేండ్లలో కొన్నిటిని పట్టాకు ముందునుండి పట్టా తరువాతికి జరిపెనని మా కనిపించును. బడిలో తగ్గిన చదువును బ్రతుకంతయు చదివి పూడ్చుకొనవలెను. ఈ పూడ్చుకొనుటనే నిరంతర వైద్యవిద్య యందురు. అది ఎట్లు జరుగుచున్నది, ఎంతవరకు ఫలించుచున్నది అనునది తెలిసికొన్నచో, ఆ తెల్లకోటు వెనుక నున్న మనిషిని నమ్మవలెనా వలదా యని తేల్చుకొనుట సులభమగును.

అసలు నేర్చిన వైద్యము పాతబడునా? బడును, మన మనుకొన్న దానికంటె త్వరగా బడును. మూడు ఉదాహరణములు చాలును.

కడుపులో పుండు దిగులువలనను కారమువలనను కలుగునని వైద్యవిద్యార్థులు తరతరములుగా చదివిరి. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున బారీ మార్షల్, రాబిన్ వారెన్ అను ఇరువురు ఆ పుండ్లలో పెక్కింటికి ఒక సూక్ష్మజీవి కారణమని కనుగొనిరి. తోటివారు నమ్మకపోగా 1984లో మార్షల్ ఆ జీవులు గల ద్రవమును తానే త్రాగి జబ్బుపడి చూపెను. అమెరికా ప్రభుత్వ వైద్య సంస్థ పిలిచిన నిపుణుల సభ, ఆ సూక్ష్మజీవి గల పుండ్లకు యాంటీబయాటిక్ మందు లీయవలెనని ప్రకటించినది 1994లో. నడుమ పదేండ్లు గడచినవి. ఆ యిరువురికి నోబెల్ బహుమానము 2005లో వచ్చినది.

రెండవది పసిపిల్లల మాట. పాశ్చాత్యదేశములలో కొన్ని దశాబ్దములపాటు శిశువులను బోర్ల పరుండబెట్టుమని వైద్యులే చెప్పిరి. అట్లు పరుండిన శిశువులలో నిద్రలో హఠాత్తుగా మరణించు ప్రమాదము హెచ్చని తేలి, 1992లో అమెరికా శిశువైద్యుల సంఘము ఆ సలహాను త్రిప్పివైచినది. వెల్లకిల పరుండబెట్టుట అలవాటైన పిదప ఆ మరణములు ఆ దేశమున ఇంచుమించు సగమునకు తగ్గినవి. 1990లో పట్టా పుచ్చుకొని మరల పుస్తకము తెరువని వైద్యుడొకడుండినచో, అతడు మంచి మనసుతోనే తల్లులకు చెడ్డ సలహా చెప్పుచుండెడివాడు!

మూడవది మన ఇండ్లలోను కనబడునది. గుండెపోటు రాకుండ దినమున కొక చిన్న ఆస్పిరిన్ బిళ్ల వేసికొనుట యెందరికో వాడుక. ఇదివర కెన్నడును గుండెజబ్బు రాని, అరువదేండ్లు దాటినవారు దానిని కొత్తగా మొదలిడరాదని 2022లో అమెరికా నివారణ వైద్య నిపుణుల సంఘము చెప్పినది. ఏలయన రక్తస్రావపు ముప్పు, కలుగు మేలును మింగివేయుచున్నది. (ఒకసారి గుండెపోటు వచ్చినవారి విషయము వేరు. డాక్టరు చెప్పి వాడించుచున్న మందును ఎవరును తమంత తాము మానరాదు.)

“అనుభవము గల వైద్యుడు” అను మాటకు మనలో గొప్ప గౌరవము కలదు. ఆ గౌరవము తగినదే కాని, 2005లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశీలన కొంచెము తొట్రుపాటు కలిగించును. వైద్యుల అనుభవకాలమునకును వారి వైద్యపు నాణ్యమునకును గల సంబంధమును గూర్చి అంతకు పూర్వము జరిగిన 62 పరిశోధనలను అందు ఒకచోట చేర్చి చూచిరి. వానిలో సగమునకు పైగా, ఏండ్లు గడచిన కొలది నాణ్యము తగ్గుచున్నదనియే చెప్పినవి. చేయి తిరుగుట వేరు, తెలివి తాజాగా నుండుట వేరు. ఆ పరిశీలన డాక్టరులను గూర్చినది. తక్కువ కాలము చదివి వచ్చిన సహాయకులకు ఈ హెచ్చరిక యింకను దగ్గరగా తగులును.

ఇక నియమము. ప్రథమ పరీక్షలో నెగ్గినవారి పేరు చివర పి.ఏ. అను అక్షరముల తరువాత ఒక “సి” చేరును. సర్టిఫికెట్టు కలవాడని దాని యర్థము. 1970ల నడుమ నుండి దీనిని కనిపెట్టి యుండుటకు జాతీయ సంస్థ యొకటి పనిచేయుచున్నది. “సి” నిలుపుకొనుటకు ప్రతి రెండేండ్లకు 100 గంటల చదువు చూపవలెను. అందులో కనీసము 50 గంటలు, ముందుగా పరిశీలింపబడి గుర్తింపు పొందిన పాఠములై యుండవలెను. మిగిలినవి వైద్యపత్రికల పఠనము, ఆస్పత్రిలోని చర్చలు మొదలగునవి కావచ్చును. గడువు సంవత్సరము డిసెంబరు 31వ తేదీనాటికి లెక్క అప్పజెప్పి రుసుము చెల్లించనిచో “సి” ఊడిపోవును. మొదటిసారి లైసెన్సు పొందుటకు ఆ ప్రథమ పరీక్ష అన్ని రాష్ట్రములలోను తప్పనిసరి. లైసెన్సు నిలుపుకొనుటకును “సి” ఉండితీరవలెనని పట్టుపట్టు రాష్ట్రములు కొన్నియే. ఎవరి సర్టిఫికెట్టు చెల్లుచున్నదో పేరునుబట్టి చూచుకొను అవకాశము సామాన్యులకును కలదు. మన పెద్దలు తమ పిల్లలచేత చూపించుకొనవచ్చును. అందులో మర్యాద తప్పునది ఏమియు లేదు.

రెండేండ్లకు 100 గంటలనగా వారమున కొక గంట. వినుట కిది భారముగా తోపదు. కాని ఆ గంటలు ఎట్లు గడచుచున్నవి? చాలకాలము అవి సభామందిరములలో ఉపన్యాసములుగా గడచినవి. సముద్రతీరపు హోటలులో మూడు దినముల సభ, ఉదయము నాలుగు ప్రసంగములు, మధ్యాహ్నము విహారము, చివర సంతకము చేసిన కాగితము. కెనడాకు చెందిన డేవ్ డేవిస్, ఆయన సహచరులు 1999లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, కేవలము కూర్చుండి వినెడు ఉపన్యాసములవలన వైద్యుని నడవడిలో మార్పు కానవచ్చుట లేదు. ప్రశ్నలు, జవాబులు, చేతితో చేసిచూచుట, నేర్చినదానిని పనిలో పెట్టి మరల వచ్చి చెప్పుట ఉన్నచోట మార్పు కొంత కలదు. ఉపన్యాసములు ప్రసారము చేయుటయే వృత్తిగా గల మాకు ఈ మాట చేదుగనే యున్నది. రేడియో ముందు కూర్చుండి పదునైదు నిమిషములు విన్నంతమాత్రమున విన్నది ఒంటబట్టునని మేము మాత్రము ఏ మొగముతో చెప్పగలము? విన్న దానిని ఆ రాత్రి భోజనముల వేళ ఇంటిలో ఎవరైన ఎదురు ప్రశ్న వేసినపుడే అది నిలుచును.

ఆ ఎదురు ప్రశ్న కొరకే సహాయకులకు మరల పరీక్ష పెట్టిరి. మొదట అది ఆరేండ్ల కొకసారి; 2014 నుండి గడువును పదేండ్లకు పెంచిరి. ఒక్కదినమున 240 ప్రశ్నలు. గంటకొక విడతగా నాలుగు విడతలు. వైద్యశాస్త్రమంతయు అందులో వచ్చును. ఇక్కడనే తగవు పుట్టినది. పదునైదేండ్లుగా ఎముకల ఆస్పత్రిలో మోకాళ్లు చూచుచున్న యామెను గర్భిణీ రోగములను గూర్చి యడుగుట న్యాయమా యని వృత్తివారి గోడు. నేడు మోకాళ్లు చూచునామె రేపు శిశువైద్యశాలకు మారవచ్చును గదా, ఆ మారు స్వేచ్ఛయే ఈ వృత్తికి బలము గదా యని పరీక్షకుల వాదము. 2015 చివర సర్టిఫికెట్టు సంస్థ, ఎవరి శాఖలో వారికి ప్రత్యేక పరీక్ష పెట్టెదమని ప్రతిపాదించగా, సహాయకుల సంఘము గట్టిగ నెదిరించెను. 2017లో ఆ ప్రతిపాదన వెనుకకు పోయినది. మాకు ఇరుపక్షముల మాటలోను సత్యము కనబడుచున్నది. కాని రోగి పక్షమున నిలిచి చూచినచో, మోకాలి నొప్పితో వచ్చిన మనిషికి గుండెనొప్పియు నుండవచ్చునని తెలిసిన వైద్య సహాయకురాలే మేలు.

ఈ తగవునుండి పుట్టిన కొత్తపద్ధతి మిక్కిలి చిత్రమైనది. 2019లో ప్రయోగముగ మొదలై, 2023 నుండి స్థిరపడినది. పదేండ్ల గడువులో ఏడవయేట మొదలిడి, మూడు మాసముల కొకసారి 25 ప్రశ్నలు వచ్చును. మొత్తము 12 విడతలు. ఇంటనే కూర్చుండి జవాబు వ్రాయవచ్చును. ఒక్కొక్క ప్రశ్నకు ఐదు నిమిషములు. పుస్తకము చూడవచ్చును, కాని మరియొకరి నడుగరాదు. జవాబు వ్రాసిన వెంటనే అది ఒప్పో తప్పో, ఎందుచేతనో తెలియును. పండ్రెండింటిలో మేలైన ఎనిమిది విడతల ఫలితమునే లెక్కింతురు. ఇందులో నెగ్గనివారు చివరియేట పాతపరీక్షకు కూర్చుండవచ్చును.

పుస్తకము చూచి వ్రాయు పరీక్ష పరీక్షయేనా యని మన పంతుళ్లు నవ్వవచ్చును. కాని రోగి ఎదుట నున్నపుడు వైద్యుడు చేయవలసినదియు నదే: తెలియనిచోట తెలిసినట్లు నటింపక, ఐదు నిమిషములలో సరియైన చోట వెదకి పట్టుకొనుట. మరియొక సంగతి. గుర్తుంచుకొనుటను గూర్చి శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలు రెండు మాటలు స్పష్టముగ చెప్పుచున్నవి. చదివినదానినే మరల చదువుటకంటె, దానిని మనసునుండి పైకి తీసి అప్పజెప్పుట హెచ్చుగా నిలుపును. ఒకేసారి కుక్కినదానికంటె ఎడమిచ్చి ఎడమిచ్చి అడిగినది నిలుచును. ఇది వీధిబడి పంతులుగారికి ఎవరును చెప్పకయే తెలియును. పదమూడవ ఎక్కమును పిల్లవానిచేత సోమవారము చెప్పించి, గురువారము చెప్పించి, మరుపక్షమున నడుమనుండి పట్టుకొని “పదమూ డేడులెంత?” యని గద్దించినది ఇందులకే. పేము బెత్తము మాత్రము ఈ కొత్తపద్ధతిలో లేదు.

ఇంతవరకు చెప్పినదంతయు చదువు మంచిదే యని అనుకొని చెప్పినది. చెప్పెడువాని చేతిలో చెడ్డ సరకున్నచో ఏమగును? అది అమెరికాలో జరిగినది. నల్లమందు జాతికి చెందిన ఆక్సికాంటిన్ అను నొప్పిమందును పర్డ్యూ అను కంపెనీ 1996లో అంగడికి తెచ్చినది. 2003లో ఆ దేశపు ప్రభుత్వ లెక్కల తనిఖీ కార్యాలయము ఇచ్చిన నివేదిక ప్రకారము, 1996 జూలై మొదలు 2002 జూలై వరకు ఆరేండ్లలో ఆ కంపెనీ నొప్పి చికిత్సను గూర్చిన 20,000లకు పైగా విద్యా కార్యక్రమములకు తానే నడపియో ధనసహాయము చేసియో తోడ్పడినది. వైద్యులును వైద్య సహాయకులును సద్బుద్ధితో పోయి కూర్చుండి గంటలు సంపాదించుకొనిరి. ఇట్టి మందులకు రోగి బానిసయగుట అరుదు అను మాట ఆ కాలపు పాఠములలో వ్యాపించినది. 2007లో ఆ కంపెనీ శాఖయొకటి, తన మందును గూర్చి తప్పుదారి పట్టించినట్లు న్యాయస్థానమున నేరమంగీకరించి, సుమారు 60 కోట్ల డాలర్లు చెల్లించుట కొడంబడెను. అప్పటికే ఊళ్లకూళ్లు మత్తులో పడియుండెను. డాక్టరు చీటీతో మొదలైన ఆ వాడుక క్రమముగా దొంగచాటు మత్తుమందుల లోనికి దిగినది. 2021లో ఒక్కయేట ఆ జాతి మందుల మోతాదు మించి 80,000లకు పైగా జనులు మరణించిరి.

ఆ దెబ్బతో నియమములు బిగిసినవి. మందుల కంపెనీలు గుర్తింపు పొందిన పాఠములను తాము నడపరాదు. పాఠమునకు ధనమిచ్చినను అందేమి చెప్పవలెనో శాసింపరాదు. చెప్పువాడు తనకు కంపెనీలతో గల డబ్బు సంబంధములను ముందుగనే బయటపెట్టవలెను. బానిసతనము కలిగింపగల మందులు వ్రాయు అధికారము గల ప్రతివాడును, డాక్టరైనను సహాయకుడైనను, మత్తు అలవాటును గూర్చి 8 గంటల శిక్షణ పొందియుండవలెనను చట్టము 2023 జూన్ నుండి అమలు జరుగుచున్నది. 1996 మొదలు ఆరేండ్లలో 20,000 సభలు, 2023లో 8 గంటలు! ముల్లును ముల్లుతోనే తీయుచున్నారు; కాని దిగిన ముల్లు చాల పెద్దది.

ఈ వృత్తి మన దేశమునకును వచ్చినది. 1992లో మదరాసులోని మద్రాస్ మెడికల్ మిషన్ ఆస్పత్రిలో గుండె శస్త్రచికిత్సకు తోడ్పడుటకు ఇట్టి సహాయకుల శిక్షణ మొదలైనది. 2021లో పార్లమెంటు చేసిన, అనుబంధ ఆరోగ్యవృత్తుల కొక కమిషను నేర్పరచు చట్టములో వీరి పేరు చేరినది. ఇక మన డాక్టరుల సంగతి: 2002 నాటి భారత వైద్యమండలి నియమావళి ఐదేండ్లకు 30 గంటల చదువును కోరినది. అదే ఐదేండ్లలో అమెరికా సహాయకుడు చూపవలసినది 250 గంటలు.

కాని మన పల్లెలలో జ్వరము వచ్చినవాడు మొట్టమొదట తలుపుతట్టునది ఈ యిరువురిలో నెవరి యింటనో కాదు. పూర్వము తక్కువ కాలపు చదువుతో ఎల్.ఎం.పి. పట్టా పుచ్చుకొన్న డాక్టరులుండిరి. 1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చిన పిదప ఆ చదువు క్రమముగా నిలిచిపోయినది. వారి ఖాళీని పూర్తిగ నిండించునంతగా ఎం.బి.బి.ఎస్. వారు పల్లెలకు పోలేదు. ఆ చోటున నిలిచినవాడు ఆర్.ఎం.పి. ఏదో ఆస్పత్రిలో కొన్నాళ్లు పనిచేసి, ఇంజక్షను వేయుటయు సెలైను ఎక్కించుటయు నేర్చి, సొంతవూరికి వచ్చి బల్ల వేసికొన్నవాడు. అర్ధరాత్రి పిలిచినను వచ్చును, డబ్బు రేపిత్తుమన్నను ఒప్పును. అతనికి పట్టా లేదు కావున పట్టా తరువాతి చదువును లేదు. కొత్తమందును గూర్చి అతనికి చెప్పువాడు సంచి పట్టుకొని వచ్చు కంపెనీ మనిషి యొక్కడే.

ఇట్టివారికి చదువు చెప్పినచో ఏమగునో పశ్చిమ బెంగాలులోని బీర్భూం జిల్లాలో పరీక్షించి చూచిరి. 300 మందికి పైగా పల్లె వైద్యులను ఎన్నుకొని, వారిలో సగము మందికి తొమ్మిది మాసములలో 150 గంటల శిక్షణ నిచ్చిరి. ఆ పిమ్మట రోగులవలె నటించువారిని, వారు నటనకు వచ్చిరని వైద్యులకు తెలియకుండ, పంపి చూచిరి. 2016లో ఫలితములు వెలువడినవి. శిక్షణ పొందినవారు రోగిని ప్రశ్నించుటలోను, తగిన వైద్యము చేయుటలోను పొందనివారికంటె స్పష్టముగ మెరుగైరి. అనవసరపు మందు లిచ్చుటలో మాత్రము ఇరుతెగలకును భేదము కానరాలేదు. యాంటీబయాటిక్ మందులును అట్లే. శిక్షణలో ఆ సంగతియు చెప్పిరి, వారును వినిరి. కాని పల్లెలో అతనికి విడిగా ఫీజు ఇచ్చువారు అరుదు. అతని జీతమంతయు తానమ్మిన మందు బిళ్లలలోనే యున్నది.